రేవు జట్టు ఈ సీజన్: 81 గెలుపుల వెనక దాగిన 76

లెక్కలమాస్టారు:
మన ఓఓటీపీ (బేస్‌బాల్ మేనేజర్ కంప్యూటర్ గేమ్) కల్పిత లీగ్‌లో ఉత్తర డివిజన్ అంచనాలు మొదలెడదాం. మొదటి వంతు రేవు జట్టుది, శీతాకాలమంతా ఎక్కువ చప్పుడు చేసింది వాళ్లే మరి. "రీబిల్డ్ కాదు, రీటూల్" అని జీఎం (జనరల్ మేనేజర్) గారు ముందే ప్రకటించారు. అంటే ఇల్లు పడగొట్టరు, కారుతున్న చోట పెంకులు మారుస్తారు. బాగానే ఉంది. కాకపోతే ఏ పెంకు కారుతోందో ముందు తేలాలి.

పోయిన సీజన్ 81-81. కొట్టిన పరుగులు 688, ఇచ్చినవి 731. 43 పరుగులు వెనకబడ్డ జట్టు సగం మ్యాచ్‌లు గెలవడమే వింత. బిల్ జేమ్స్ పైథాగరస్ సూత్రం (పరుగుల్ని బట్టి రావాల్సిన గెలుపులు చెప్పేది) వేయండి. కొట్టిన పరుగుల వర్గం 4,73,344, ఇచ్చిన పరుగుల వర్గం 5,34,361. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే 0.470, 162తో గుణిస్తే 76. మిగతా ఐదు గెలుపులూ ఒక్క పరుగు తేడా మ్యాచ్‌ల్లో 28-17 రికార్డు పెట్టిన భిక్ష.

కాబట్టి ప్లేఆఫ్‌కి 88 కావాలంటే ఎక్కాల్సినవి ఏడు మెట్లు కాదు, పన్నెండు. గెలుపుకి సుమారు పది పరుగుల చొప్పున 120 పరుగులు ఎక్కణ్నుంచి తెస్తారో చూద్దాం.

రేవు_జీఎం:
మాస్టారూ, నమస్తే. పైథాగరస్ అంటూ ప్రతిసారీ మమ్మల్నే కొడతారు. 2021లో నిజం మేజర్ లీగ్ జట్టు మారినర్స్ 51 పరుగులు వెనకబడి కూడా 90-72 చేశారు, ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో 33-19. మరుసటి ఏడాది మళ్లీ 90 గెలిచారు. బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత దిగే రిలీఫ్ పిచ్చర్లు) గట్టిదైతే దగ్గరి మ్యాచ్‌లు గెలవడం ఒట్టి అదృష్టం కాదు.

లెక్కలమాస్టారు:
ఆ రెండో 90 ఎలా వచ్చిందో కూడా చూడండి. 2022లో వాళ్లు 67 పరుగులు ముందున్నారు. అది నిలబడ్డ అదృష్టం కాదు, బాగుపడ్డ జట్టు. ఎదురు ఉదాహరణలు కావలసినన్ని. 2012 ఓరియోల్స్ 712 కొట్టి 705 ఇచ్చి 93 గెలిచారు, ఒక్క పరుగు మ్యాచ్‌ల్లో 29-9. మరుసటి ఏడాది అదే లెక్క 20-31, గెలుపులు 85. 2016 రేంజర్స్ 36-11తో 95 గెలిచి, 2017లో 13-24తో 78కి దిగారు. బుల్‌పెన్ ఒకటి రెండు గెలుపులు అటూ ఇటూ చేస్తే చేయొచ్చు. ఐదింటి బరువు దాని మీద మోపితే నడుం విరుగుతుంది.

కొత్తబంతి:
ఆట రూల్స్ తెలుసు గానీ జీఎం లెక్కలు కొత్త. వార్ అంటే ఎన్ని గెలుపులు తెచ్చాడో అదే కదా? మరి మైనస్ ఎలా వస్తుంది?

పిచ్చిపిచ్చర్:
కొత్తబంతీ, సున్నా అంటే సగటు ఆటగాడు కాదు. ట్రిపుల్ ఏ (మైనర్ లీగ్‌లలో పై మెట్టు) నుంచి ఎప్పుడైనా కనీస జీతానికి పిలుచుకోగలిగే వాడు. మైనస్ వచ్చిందంటే వాడి బదులు ఆ ఊరూపేరూ లేనివాణ్ని ఆడించినా నయమే. సగటు రెగ్యులర్ ఆటగాడు సుమారు 2. మైనస్ 1 ఉన్న చోట సగటు వాణ్ని పెడితే మూడు గెలుపులు. 2 ఉన్న చోట 5 వాణ్ని పెట్టినా మూడే. ధరల్లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. రీటూల్ కిటుకంతా ఇక్కడే ఉంది.

ఈ జట్టులో సెకండ్ బేస్ చూడండి. 34 ఏళ్లు, 560 సార్లు బ్యాటింగ్‌కి దిగి మైనస్ 0.9. ఇంకో ఏడాది కాంట్రాక్టు, 90 లక్షల డాలర్లు. ఆ డబ్బు ఎలాగూ పోయింది. "ఇస్తున్నాం కదా, ఆడిద్దాం" అంటే డబ్బుతోపాటు మ్యాచ్‌లూ పోతాయి.

రేవు_జీఎం:
సెకండ్ బేస్ మారుస్తున్నా. కానీ అసలు ప్లాన్ మార్కెట్లో ఉన్న 31 ఏళ్ల షార్ట్‌స్టాప్. 4.5 వార్. ఆరేళ్లకు 15 కోట్ల డాలర్లు అడుగుతున్నాడు. బడ్జెట్‌లో నాకు ఏడాదికి రెండున్నర కోట్లు మిగిలాయి, సరిగ్గా సరిపోతుంది.

గోదారిగట్టు:
అయ్యా జీఎం గారూ, ఒక్క నిమిషం ఆగండి. మీ షార్ట్‌స్టాప్‌కి ఇప్పుడే 2.5 వార్ ఉంది, ఆర్బిట్రేషన్ (జీతం మధ్యవర్తి తేల్చే దశ) మొదటి ఏడాదే. రెండున్నర కోట్లు పోసి తెచ్చుకునేది రెండు గెలుపులు. ఆరో ఏట ఆయనకి 36. షార్ట్‌స్టాప్ రేంజ్ 33 దాటాక ఎలా జారుతుందో ఈ గేమ్‌లో అందరం చూశాం. చివరి రెండేళ్లు ఫస్ట్ బేస్‌లో నిలబెట్టి జీతం ఇస్తారు.

అదే రెండున్నర కోట్లకి ఇంకో బజార్ లిస్టు: సెకండ్ బేస్‌కి 29 ఏళ్ల గ్లవ్ మనిషి (ఫీల్డింగే బలం), 1.5 వార్, 70 లక్షలు. నాలుగో స్టార్టర్ (మ్యాచ్ మొదలెట్టే పిచ్చర్), 1 కోటి 10 లక్షలు. సెంటర్ ఫీల్డ్‌కి ఒట్టి డిఫెన్స్ వాడు, 40 లక్షలు. డీహెచ్‌లో (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్‌కే దిగే చోటు) సగం వాటాకి ఎడమచేతి బ్యాటర్, 25 లక్షలు. మొత్తం 2 కోట్ల 45 లక్షలు. ఒక్కొక్కరి లెక్క తీయండి, రెండు గెలుపులకన్నా తక్కువ వస్తే నన్నడగండి.

ఎడంచేతివాటం:
సెంటర్ ఫీల్డ్ సంగతి నేను తీస్తా, ఈ జట్టులో అసలు రోగం అదే.

ఇప్పుడు సెంటర్‌లో నిలబడేవాడు పుట్టుకతో లెఫ్ట్ ఫీల్డర్. బ్యాట్‌తో సగటు కంటే 6 పరుగులు ఎక్కువ, గ్లవ్‌తో మైనస్ 14. లెఫ్ట్‌లో ఉన్నవాడు బ్యాట్ మైనస్ 4, గ్లవ్ మైనస్ 3. ఇద్దరూ కలిసి మైనస్ 15. 40 లక్షల డిఫెన్స్ వాణ్ని సెంటర్‌లో పెడితే బ్యాట్ మైనస్ 9, గ్లవ్ ప్లస్ 8. విడిగా వాడి బ్యాటింగ్ లైన్ చూసి "ఛీ, వీడా" అంటారు. కానీ పాత సెంటర్ వాడు తన సొంత చోటు లెఫ్ట్‌కి వస్తాడు, అక్కడ బ్యాట్ ప్లస్ 6, గ్లవ్ ప్లస్ 2. ఇద్దరూ కలిసి ప్లస్ 7. మైనస్ 15 నుంచి ప్లస్ 7కి, 22 పరుగులు. ఒక్కణ్ని కొంటే రెండు స్థానాలు బాగుపడ్డాయి.

పైగా మీ మొదటి ఇద్దరు స్టార్టర్లూ ఫ్లైబాల్ పిచ్చర్లు. బంతి గాల్లోకి ఎక్కువ లేచే పిచ్చర్ల వెనక కాళ్లు కదలని సెంటర్ ఫీల్డర్‌ని పెట్టడం, స్పిన్నర్‌కి స్లిప్ లేకుండా ఫీల్డ్ పెట్టడం లాంటిది. గ్రౌండ్‌బాల్ పిచ్చర్లున్న జట్టయితే ఇదే డబ్బు షార్ట్, సెకండ్ మీద పెట్టమనేవాణ్ని.

ఒక జాగ్రత్త. స్క్రీన్ మీద కనిపించే ఓవరాల్ నక్షత్రాలు ఆ స్థానానికి పోల్చి ఇచ్చేవి. రెండు నక్షత్రాల సెంటర్ ఫీల్డర్, మూడు నక్షత్రాల ఫస్ట్ బేస్ వాడు అని పక్కపక్కన పెట్టి కొనేవాళ్లే ఎక్కువ మోసపోతారు. విడి రేటింగులు చూడండి: రేంజ్, ఎర్రర్, ఆర్మ్. 20-80 స్కేలులో సెంటర్‌కి రేంజ్ 65 కన్నా తగ్గితే నేనైతే ముట్టుకోను.

రేవు_జీఎం:
లెఫ్ట్ వాణ్ని ఏం చేయాలి? ఆప్షన్లు (మైనర్స్‌కి పంపి మళ్లీ పిలుచుకునే అవకాశం) అయిపోయాయి.

ఎడంచేతివాటం:
వెయివర్స్‌లో (వేరే జట్లు తీసుకోగలిగే జాబితా) పెట్టండి, ఎవరైనా తీసుకుంటే సంతోషం. మైనస్ 7 పరుగుల కార్నర్ అవుట్‌ఫీల్డర్ కోసం ఆడే జట్టు 26 మందిలో ఒక చోటు దాచడం దండగ.

పిచ్చిపిచ్చర్:
పిచ్చింగ్ దగ్గరికి రండి. 162 మ్యాచ్‌లంటే సుమారు 1,445 ఇన్నింగ్స్. స్టార్టర్లు సగటున ఐదుంపావు వేస్తే 850, మిగతా 595 బుల్‌పెన్. సీజన్ అంచనాలు రాసేవాళ్లందరూ ఐదుగురి పేర్లు రాసి "రొటేషన్ బాగుంది" అని వెళ్లిపోతారు. ఐదుగురికీ ఉదారంగా ఇన్నింగ్స్ పంచండి: 180, 170, 150, 130, 110. మొత్తం 740. ఇంకా 110 ఎవరు వేస్తారు? ఆరో వాడు, ఏడో వాడు, ఆగస్టుకి పేరు కూడా గుర్తుండని తొమ్మిదో వాడు.

రేవు జట్టులో పోయినసారి ఐదో స్థానం నుంచి కిందున్న వాళ్లందరూ కలిసి 240 ఇన్నింగ్స్ వేశారు. 9 ఇన్నింగ్స్‌కి 6.3 పరుగులిచ్చారు. జట్టు మునిగింది అక్కడ, షార్ట్‌స్టాప్ దగ్గర కాదు.

1 కోటి 10 లక్షల స్టార్టర్ 9 ఇన్నింగ్స్‌కి 4.60 ఇచ్చాడని సంబరపడకండి. వాడు వచ్చింది పరుగులు తక్కువ పడే గ్రౌండ్ నుంచి, పార్క్ ఫ్యాక్టర్ (గ్రౌండ్ పరుగుల్ని ఎంత పెంచుతుందో, తగ్గిస్తుందో చెప్పే అంకె, సగటు 1) 0.94. మీ రేవు గ్రౌండ్ 1.06. ఇక్కడ అందరూ చేసే తప్పు 4.60ని నేరుగా 0.94తో భాగించి 1.06తో గుణించడం. సొంత గ్రౌండ్‌లో ఆడేది సగం మ్యాచ్‌లే. అందుకని తేడాలో సగమే తీసుకోవాలి: 0.97తో భాగించండి, 1.03తో గుణించండి. 4.88 వస్తుంది, 4.9 అనుకుందాం. 150 ఇన్నింగ్స్ వేస్తే 6.3కీ 4.9కీ మధ్య 1.4 తేడా, దాన్ని 16.7తో గుణిస్తే 23 పరుగులు. పేరు చూస్తే నాలుగో రకం పిచ్చర్, కానీ మీ బజార్ లిస్టులో రెండో గెలుపుల మూట వీడిదే.

కొత్తబంతి:
పార్క్ ఫ్యాక్టర్ నిజంగా అంత ముఖ్యమా?

గోదారిగట్టు:
కొలరాడో రాకీస్‌ని అడగండి. డెన్వర్ మైలు ఎత్తులో ఉంటుంది. గాలి పలచన కాబట్టి బంతి ఎక్కువ దూరం పోతుంది, కర్వ్‌బాల్ తక్కువ తిరుగుతుంది. 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో పెట్టి ఆడుతున్నారు, అయినా పిచ్చర్ అనేవాడు అక్కడికి ఇష్టంగా రాడు.

లెక్కలమాస్టారు:
ఇప్పుడు చేదు మాట. మీ ఏస్ (మొదటి నంబర్) పిచ్చర్ ఈఆర్ఏ (9 ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఖాతాలో పడే పరుగులు) 2.95. అందరూ అవార్డు మాట ఎత్తుతున్నారు. 171 ఇన్నింగ్స్, 22 హోమ్‌రన్లు, వాక్‌లు, బంతి తగిలినవి కలిపి 58, స్ట్రైకౌట్లు 142. ఫిప్ (ఫీల్డర్ల ప్రభావం తీసేసి చూసే పిచ్చర్ లెక్క) కట్టండి: హోమ్‌రన్లు ఇంటూ 13 అంటే 286, వాక్‌లు ఇంటూ 3 అంటే 174, రెండూ కలిపి అందులోంచి స్ట్రైకౌట్లు ఇంటూ 2, అంటే 284 తీసేస్తే 176. 171తో భాగిస్తే 1.03. దానికి లీగ్ స్థిరాంకం 3.10 కలపండి: 4.13. గాల్లో బంతులిచ్చే పిచ్చర్, వెనక కాళ్లు కదలని సెంటర్ ఫీల్డర్, అయినా బాబిప్ (హోమ్‌రన్లు కాక ఆటలో పడ్డ బంతుల్లో హిట్ల వాటా) 0.247. ఇది మళ్లీ వస్తుందని నేను పందెం కాయను. పూర్తిగా 4.13కి దిగుతాడనీ అనను, కొత్త సెంటర్ ఫీల్డర్ కొంత కాపాడతాడు. 15 పరుగులు వెనక్కి పోతాయని వేసుకోండి. 33 ఏళ్ల క్యాచర్ దగ్గర ఇంకో 5.

రేవు_జీఎం:
ఏస్‌ని ఇప్పుడే అమ్మేయమంటారా?

లెక్కలమాస్టారు:
ఇంకా రెండేళ్లు వాడి మీద హక్కు మీదే, 2.95 అందరి కళ్లలో మెరుస్తోంది. వినండి, ఫోన్ ఎత్తండి. 2.95 ధర ఇస్తే అమ్మండి, 4.13 ధర ఇస్తే ఉంచుకోండి.

పిచ్చిపిచ్చర్:
దీంతో నేను ఏకీభవించను మాస్టారూ. అమ్మితే 171 ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? పైన చెప్పిన ఆరో వాడు, ఏడో వాడు ఐదో వాడు అవుతారు. రీటూల్ చేసే జట్టుకి 4.13 కూడా బంగారమే. ఏస్‌ని అమ్మడం రీబిల్డ్ చేసేవాళ్ల పని.

గోదారిగట్టు:
రీటూల్ ఎలా ఉంటుందో కార్డినల్స్‌ని చూస్తే సరిపోతుంది. 2023లో 71-91, 1990 తర్వాత మొదటిసారి డివిజన్లో ఆఖరి స్థానం. ఆ శీతాకాలం సూపర్ స్టార్ బ్యాటర్ కోసం పరుగెత్తలేదు. సానీ గ్రే, లాన్స్ లిన్, కైల్ గిబ్సన్, ముగ్గురూ స్టార్టర్లే. ముందు ఇన్నింగ్స్ నింపుకున్నారు. 2024లో 83-79. సరే, అప్పుడు కూడా 672 కొట్టి 719 ఇచ్చారు. అంటే వాళ్లదీ మీ కథే, పైకి కనిపించినంత బాగుపడలేదు.

ఎడంచేతివాటం:
డీహెచ్ లెక్క మర్చిపోయారు. ఇప్పుడున్న 36 ఏళ్ల కుడిచేతి బ్యాటర్ ఎడమచేతి పిచ్చర్ల మీద వోబా (బ్యాటింగ్ మొత్తం విలువ చూపే సగటు) 0.355, కుడిచేతి వాళ్ల మీద 0.290. లీగ్‌లో పది మందిలో ఏడుగురు కుడిచేతి పిచ్చర్లే. 25 లక్షల ఎడమచేతి బ్యాటర్ కుడిచేతి వాళ్ల మీద 0.320. తేడా 0.030, దాన్ని 1.2తో భాగించి 420 అవకాశాలతో గుణిస్తే పదిన్నర పరుగులు. ఒక గెలుపు. డెప్త్ చార్ట్‌లో కుడి, ఎడమ లైనప్‌లు రెండూ విడివిడిగా సెట్ చేయాలి. ఒకదాన్ని మర్చిపోతే కంప్యూటర్ మేనేజర్ పాతాయన్నే రోజూ దింపుతాడు, జూన్ దాకా ఎవరూ గమనించరు.

కమిషనర్:
లెక్కలు బాగున్నాయి గానీ 40 మంది రోస్టర్ (జట్టు తన పేరున ఉంచుకోగల ఆటగాళ్ల జాబితా) ఎవరూ చూడలేదేమిటి? రేవు జట్టులో ఇప్పుడు 39 నిండి ఉన్నాయి. నలుగురు కొత్తవాళ్లు వస్తే 43. రూల్ 5 డ్రాఫ్ట్‌కి (ఆ 40లో లేని కుర్రాళ్లని వేరే జట్లు ఎత్తుకుపోయేది) ముందు కాపాడుకోవాల్సిన కుర్రాళ్లు ఇద్దరు: 18 ఏళ్లకో అంతకుముందో సంతకం చేసిన వాడికి ఐదు సీజన్లు, 19 నిండాక చేసిన వాడికి నాలుగు. శీతాకాలంలో 60 రోజుల గాయాల జాబితా పనిచేయదు, అందులో ఉన్న ఇద్దరూ వెనక్కి వచ్చి చోటు తింటారు. 47. ఏడుగుర్ని ఎక్కడ తీస్తారు?

రేవు_జీఎం:
లెఫ్ట్ ఫీల్డర్, 34 ఏళ్ల సెకండ్ బేస్ వాడు, మూడో క్యాచర్. ముగ్గురు. తర్వాత?

గోదారిగట్టు:
ఇద్దరు ఎడమచేతి రిలీవర్లున్నారు, ఇద్దరికీ ఆప్షన్లు లేవు, ఇద్దరిదీ కంట్రోల్ (బంతి గురి) రేటింగ్ 40. ఒకడు చాలు. రూల్ 5 కుర్రాళ్లలో ఏ బాల్ (మైనర్ లీగ్ కింది మెట్టు) దాటని 20 ఏళ్ల పిచ్చర్‌ని వదిలేయండి. ఎంచుకున్న జట్టు లక్ష డాలర్లు కట్టి, సీజన్ మొత్తం 26 మందిలో ఉంచుకోవాలి. వద్దనుకుంటే వెయివర్స్ దాటించి 50 వేలకు వెనక్కి ఇవ్వజూపాలి. ఏ బాల్ కుర్రాణ్ని ఆరు నెలలు బెంచీ మీద భరించే జట్టు అరుదు. డబుల్ ఏలో బాగా ఆడిన రిలీవర్‌నే ఎత్తుకుపోతారు, వాణ్ని మాత్రం తప్పక కాపాడండి. ఐదుగురయ్యారు. మిగతా ఇద్దరూ: గాయం నుంచి వచ్చేవాళ్లలో ఒకణ్ని విడుదల చేసి మైనర్ లీగ్ కాంట్రాక్టు ఇవ్వజూపండి, ఇంకొకణ్ని రోస్టర్‌లోని ఒక కుర్రాడితో కలిపి, ఇద్దర్నిచ్చి ఒకణ్ని తెచ్చుకునే ట్రేడ్‌లో తోయండి.

పిచ్చిపిచ్చర్:
ఇక్కడే ఇంకో మాట. ఆరో స్టార్టర్, ఏడో స్టార్టర్ ఇద్దరికీ ఆప్షన్లు మిగిలి ఉండాలి. ఆప్షన్ ఏడాదిలో సీజన్‌కి ఐదుసార్లు కిందకి పంపొచ్చు. ఆప్షన్ లేని ఆరో వాణ్ని ట్రిపుల్ ఏలో దాచలేరు, 26 మందిలో లాంగ్ రిలీవర్‌గా కూర్చోబెట్టాలి. 13 మందికి మించి పిచ్చర్లు ఉండకూడదు కాబట్టి బుల్‌పెన్లో ఒక మంచి చోటు పోతుంది. కొనేటప్పుడు ఈఆర్ఏ పక్కనే ఆప్షన్ల సంఖ్య చూసుకోండి.

కొత్తబంతి:
వాళ్ల 22 ఏళ్ల థర్డ్ బేస్ కుర్రాడు ట్రిపుల్ ఏ మొత్తం కొట్టి పడేశాడు. మొదటి రోజే ఆడించొద్దా?

కమిషనర్:
172 రోజులు యాక్టివ్ రోస్టర్‌లో ఉంటే ఒక సర్వీస్ ఏడాది. సీజన్ 187 రోజులు. 16 రోజులు కింద ఉంచితే 171 అవుతాయి, ఫ్రీ ఏజెన్సీ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ) ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. 2015లో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ని ఏప్రిల్ 17న పిలిచి సరిగ్గా 171 రోజుల దగ్గర ఆపారు. బ్రయంట్ ఫిర్యాదు చేస్తే 2020లో కొట్టేశారు. ఈ లీగ్‌లో అది నిషిద్ధం కాదు.

లెక్కలమాస్టారు:
16 రోజుల్లో సగటున 14 మ్యాచ్‌లు. 3 వార్ ఆటగాడయినా నష్టం పావు గెలుపు. ఆరేళ్ల తర్వాత వచ్చే అదనపు ఏడాది ముందు ఇది ఏపాటి? కుర్రాడికి మాత్రం అన్యాయమే, ఆ సంగతి వేరు.

సరే, మొత్తం కట్టేద్దాం. సెంటర్, లెఫ్ట్ కలిపి 22. సెకండ్ బేస్ మైనస్ 0.9 నుంచి 1.5కి, 24. స్టార్టర్ 23. డీహెచ్ 10. మొత్తం 79. ఏస్, క్యాచర్ దగ్గర 20 తీయండి, 59. అంటే ఆరు గెలుపులు. 76కి ఆరు, 82.

రేవు_జీఎం:
ఇంత చేసి పోయినసారికన్నా ఒక్కటే ఎక్కువా!

లెక్కలమాస్టారు:
పోయినసారి 81 మీది కాదు కదండీ. ఇప్పటి 82 మీదే. ఇంకోటి: బొమ్మాబొరుసూ లెక్కన చూసినా 162 మ్యాచ్‌ల్లో ఆరున్నర గెలుపుల దాకా అటూ ఇటూ ఊగడం మామూలే. 82 జట్టు ఇంచుమించు ఆరు సీజన్లలో ఒకసారి 88కి చేరుతుంది. షార్ట్‌స్టాప్ ఒక్కణ్ని కొని ఊరుకుంటే మీరు 76 నుంచి బయల్దేరతారు.

ఎడంచేతివాటం:
జీఎం గారూ, ఎక్స్‌పోర్ట్ (మీ జట్టు ఫైలు లీగ్‌కి పంపడం) ముందు పిచ్చింగ్ సెట్టింగ్ మార్చండి. "ఐదుగురు, వరస తప్పకుండా" అని ఉంటే ఏప్రిల్లో సెలవు రోజులు ఎన్నున్నా ఐదో వాడికి వంతు వస్తుంది. "బాగా విశ్రాంతి తీసుకున్న వాళ్లలో మేటి" అని పెడితే సెలవున్న వారం ఐదో వాణ్ని దాటేస్తుంది. మే నెల నుంచి సెలవులు తగ్గుతాయి, అప్పుడు మళ్లీ వరస పెట్టండి, లేకపోతే ఏస్ ఆగస్టుకి అలిసిపోతాడు. క్యాచర్ బ్యాకప్‌ని "ప్రతి ఐదో మ్యాచ్" మీద పెట్టండి, "గాయమైతేనే" మీద కాదు. 33 ఏళ్ల మోకాళ్లు అవి.

రేవు_జీఎం:
షార్ట్‌స్టాప్ ఆఫర్ వెనక్కి తీసుకున్నా. సెకండ్ బేస్, సెంటర్, స్టార్టర్ ముగ్గురికీ ఆఫర్లు వెళ్లాయి. డీహెచ్ కుర్రాడు రెండేళ్లు అడుగుతున్నాడు, ఒక ఏడాదికే, 30 లక్షలకి పెంచి చూస్తా. రెండో ఎడమచేతి రిలీవర్ ఎవరికైనా కావాలంటే చెప్పండి, వెయివర్స్‌కి వెళ్లే ముందు.

గోదారిగట్టు:
కంట్రోల్ 40 వాణ్నా? మా గ్రౌండ్‌లో హోమ్‌రన్లు పడవు, వాక్‌లు భరించగలం. ఒక రూకీ లీగ్ ఇన్‌ఫీల్డర్‌ని ఇస్తా, 40లో లేనివాణ్ని. ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.